గింజ ఇల్లు చేరేదాకా

మా నాయనకు నంద్యాలలో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిచూపులకు పంపే అమ్మాయిల ఫోటోలు, దరఖాస్తులకు అంటించే ఫోటోలు, పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లల ఫోటోలు, వీటితోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. చదువు అయిపోయాక నేనూ అందులోనే కుదురుకున్నాను. పని బాగానే వచ్చింది. కానీ మనుషుల ఫోటోలు తీయడమంటే నాకు విసుగు. మనుషులు కదులుతారు, రెప్పలార్పుతారు, ఫోటో చేతికిస్తే ఇది మా ముఖం కాదని మన మీదే పడతారు. రాళ్లతో ఆ గొడవ లేదు.

అందుకని సెలవు దొరికితే చాలు, కెమెరా సంచీ భుజాన వేసుకుని యాగంటికో మహానందికో అహోబిలానికో బస్సెక్కేవాణ్ని. పాత గుళ్లు, కూలిన బురుజులు, దారి పక్క మండపాలు, వాటి వెనక కొండలు, ముందు పొలాలు. డెబ్బయ్యో దశకం చివర మొదలైన పిచ్చి అది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. గోపురానికి అడ్డంగా కరెంటు స్తంభం పాతినవాణ్నీ, చెక్కిన స్తంభాలకు సున్నం పూయించిన పెద్దమనిషినీ, మండపంలో దుప్పట్లు ఆరేసిన ఇల్లాలినీ మనసారా తిట్టుకుంటూ తిరిగేవాణ్ని. సున్నం పూసిన స్తంభం మీద బొమ్మ ముక్కూ మూతీ కలిసిపోయి పిండి బొమ్మలా ఉంటుంది. దాన్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్టూడియో ముందు ఒక అద్దాల బీరువా ఉండేది. బజారులో పోయేవాళ్లు నిలబడి చూసేది దాన్నే. అందులో ఏ ఫోటో ఉండాలో మా నాయనే తేల్చేవాడు. కొత్త దంపతులు, బొద్దుగా ఉన్న పసిపిల్లలు, మెడల్ పెట్టుకున్న పోలీసాయన. నేను తెచ్చిన గుళ్ల ఫోటోలు చూసి, బాగుందనీ బాగాలేదనీ అనకుండా పక్కన పెట్టేవాడు.

"రాళ్లకు పెండ్లి కావాల్నా, ఉద్యోగం రావాల్నా? వాటి ఫోటో ఎవురికిరా?" అనేవాడు.

ఆ అద్దం వెనక నేను తీసిన ఫోటో ఒకటి ఉండాలి. ఆ వయసులో నా కోరిక అంతే. నా కోసం ఊరూరా సంబంధాలు వెతుకుతున్న మా అమ్మకు ఈ మాట చెప్తే నమ్మేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒకసారి ఆళ్లగడ్డలో బస్సు మారి అహోబిలం దారిలో పోతున్నాను. జొన్నలు కంకి పట్టి గింజ ముదురుతున్న కాలం. కిటికీ పక్క సీటు దొరికింది. ఒక ఊరు దాటగానే ఎడమ పక్కన, నిండుగా ఉన్న జొన్నచేను మధ్యలో, ఒక రాతి మండపం కనబడింది. సున్నం లేదు. స్తంభం లేదు, తీగ లేదు. దుప్పట్లు అసలే లేవు. కింది సగం పైరులో మునిగిపోయి, పై సగం కంకుల మీద తేలుతోంది. దాని వెనక నల్లమల. నేను కండక్టరు మీద అరిచి బస్సు ఆపించాను. అతను చిల్లర ఇస్తానన్నా వినకుండా దిగేశాను.

వెనకటి రోజుల్లో దేవుడి పల్లకి ఆ ఊరికి వచ్చినప్పుడు ఆ మండపంలో దించేవాళ్లట. తర్వాత రోడ్డు పడి పల్లకి రోడ్డు మీదుగా పోవడం మొదలుపెట్టింది. మండపం చేల మధ్య మిగిలిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం గట్టు మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, దాని మీద కెమెరా బిగించే తొందరలో ఉన్నాను.

చేను మధ్య మంచె మీదినుంచి ఒక కేక వినబడింది. కాసేపటికి పైరు కదిలి, యాభై ఏళ్లుండే ఒక ఆమె బయటికి వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది. చేతిలో పిట్టల్ని కొట్టే వడిసెల, అందులో రాయి కూడా సిద్ధంగా ఉంది.

"ఏందప్పా, కొలతలేస్తాండావా?" అంది.

"కొలతలు కాదమ్మా, ఫోటో."

"మా బావ పంపినాడా నిన్ను?"

మీ బావ ఎవరో నాకు తెలియదమ్మా, నాది నంద్యాల, ఆ మండపం చూసి దిగినా అని చెప్పాను. ఆమె నమ్మలేదు. మూడుకాళ్ల స్టాండు పెట్టి దాంట్లోంచి తొంగి చూసేది సర్వే వాళ్లేనని ఆమె లెక్క. భూమి పంచాలనో చేతులు మార్చాలనో ఎవరో ఒకరు వాళ్లను పిలిపిస్తేనే వస్తారు. కెమెరా విప్పి, ఫిల్ము పెట్టే చోటు చూపించి, సంచీలో ఉన్న పాత ఫోటోలు తీసి చేతిలో పెట్టాక గానీ వడిసెలలోని రాయి కింద పడెయ్యలేదు.

ఆ తర్వాత గట్టు మీద కూర్చుని కోపం కోపంగానే తన సంగతి చెప్పింది. భర్త పోయి రెండేళ్లు దాటింది. తాతల నాటి నుంచి సేద్యం చేసుకునే కుటుంబం. చేను నాకు వదిలిపెట్టు, ఏటా గింజలిస్తా, నీడపట్టున కూర్చో అని భర్త అన్న అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. జీతగాణ్ని పెట్టుకుని తనే దగ్గరుండి విత్తనం వేయించింది. మొదటి ఏడు పురుగు పడి పైరంతా పోయింది.

"ఆడమనిషి మడకెనక నడిచి దున్నిస్తే ఇట్లే ఉంటాదని నలుగుర్లో అన్యాడంట మా బావ. ఈ యేడు గూడా పోతే ఇంగ నేను నోరెత్తేదానికుండదు. చేను ఆయప్పకు పెట్టాల్సిందే."

ఆమె వెనకాల చేను చూశాను. చేతికి నిండే కంకులు. నాకు సేద్యం తెలియదు గానీ, పక్క చేలకూ దీనికీ తేడా బస్సులోంచే తెలిసింది.

అందరినీ విసుక్కునే నాకు ఆమె మీద ఎందుకో విసుగు రాలేదు. మండపం ఫోటో తీసుకుంటానని మర్యాదగా అడిగాను.

"తీసుకో, ఎవురొద్దన్యారు? నా పైరు మాత్రం దాంట్లో పడగూడదు."

పైరు పడకుండా మండపం ఎట్లా పడుతుంది? దాని అందమంతా పైరులో ఉండడమే కదా. అదే చెప్పాను. ఆమె కెమెరా వైపు వేలు చూపించింది. అది పైనుంచి కిందికి తొంగి చూసే రకం కెమెరా. ముందు పక్క రెండు అద్దాలు, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైదాంట్లోంచి మనం చూస్తాం, కిందిదాంట్లోంచి ఫిల్ము చూస్తుంది.

"మనిషి కన్ను పడితేనే పైరు తట్టుకోదు. దీనికి రెండు కండ్లుండాయి. అదీ రెప్ప కొట్టని కండ్లు."

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమెను సంతోషపెడదామని, ఈ ఫోటో మా షాపు ముందు అద్దంలో పెడతానమ్మా, నంద్యాలంతా నిలబడి చూస్తుంది అన్నాను.

"నంద్యాలంతా చూసేదానికి నేను పైరు పెట్టినానా? మా బావ వారం వారం నంద్యాలకే పోతాడు. పో నాయనా, బస్సొచ్చే పొద్దాయ."

అహోబిలం పోలేదు, మండపం తీయలేదు. స్టాండు ముడుచుకుని వచ్చిన దారినే తిరిగి వచ్చాను. ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి, శిల్పుల పాకల్లోంచి వచ్చే ఉలి చప్పుడు వింటూ, రాళ్లకు కూడా ఈ ఊళ్లో యజమానులు ఉంటారని గొణుక్కున్నాను. ఇంటికొచ్చాక అన్నం దగ్గర కూడా ముఖం మాడ్చుకునే ఉన్నాను. మా నాయన సంగతి విని నవ్వాడు. "తెలివైన మనిషి. నీ చేతికి పైరు ఇయ్యలే" అన్నాడు.

మరుసటి సెలవుకు మళ్లీ పోయాను. ఈసారి కెమెరా సంచీలోనే ఉంచి, వట్టి చేతులతో మంచె దగ్గరికి నడిచాను. దారిలో ఆలోచించుకున్న మాట చెప్పాను. ఫోటో ఇప్పుడు తీస్తాను. కానీ నీ గింజ ఇల్లు చేరేదాకా పరాయివాళ్లకు చూపించను. అద్దంలో పెట్టను.

ఆమె నా సంచీ వైపు చూసి అడిగింది.

"మీ ఇంట్లో ఎవురు చూస్తారు?"

"మా నాయన చూస్తాడు. కడిగేటప్పుడు పక్కనే ఉంటాడు."

"మీ నాయనకు చేనుందా?"

"లేదమ్మా."

"అట్లైతే చూడొచ్చు."

మండపం స్తంభం మీద నా చేత చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆమె పైరులోకి పోయి, మసి పూసి సున్నం బొట్లు పెట్టిన దిష్టికుండను కర్రతో సహా పెరికి తెచ్చింది.

"ఇదీ ఫోటోలో ఉండాల."

కరెంటు తీగ అడ్డొస్తేనే రెండు రోజులు అన్నం సయించని మనిషిని నేను. నా ఫోటోలో బొట్ల కుండా? ఒక మూలకు పెడదామని బతిమాలాను. మూలకు పెడితే ఎవరు చూస్తారు, చూసినవాళ్ల కన్ను మొదట దాని మీదే పడాలి గదా అంది. చివరికి, కావాలంటే నువ్వే కెమెరాలో చూసి ఎక్కడ పెట్టాలో చెప్పమ్మా అన్నాను. కింద నుంచి పైరు ఎత్తుకు మండపం సరిగా కనబడదని కెమెరాను మంచె మీదికి ఎక్కించాను. ఆ కెమెరా పై అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనబడతాయి. ఆమె మంచె మీద అద్దంలోకి తొంగి చూస్తూ చెయ్యి ఊపుతుంది, నేను కుండ పట్టుకుని చేలో తిరుగుతాను. ఆమె ఎడమకు పొమ్మంటే నేను పోతాను, నేను అద్దంలోంచి మాయమవుతాను.

"యాడికి పోతాండావప్పా? ఇట్లా రమ్మంటే అట్లా పోతావేంది?"

కంకులు ముఖానికి గీసుకుంటుంటే, నెత్తిన ఎండ, చేతిలో దిష్టికుండ, నాకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఆపుకోలేక పైరు మధ్యలో నిలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కుండ చివరికి ముందు పక్కన, కొంచెం వారగా, ఇద్దరికీ సమ్మతమైన చోట నిలబడింది.

తర్వాత నేనూ మంచె ఎక్కాను. ఎండ కొండల మీద వాలుగా పడడానికి ఇంకా పొద్దుంది. అంతదాకా కూర్చున్నవాడివి ఊరికే ఎందుకు అని వడిసెల నా చేతికిచ్చి ఆమె అన్నం తినడానికి దిగింది. నేను విసిరిన రాళ్లకు పిట్టలు భయపడలేదు గానీ, కింద కూర్చున్న ఆమె మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని మంచె కిందికి జరిగింది. "రాయొద్దు, నోటితో అరిస్తే సాలు" అంది. అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను.

సాయంత్రం ఎండ మెత్తబడింది. పడమటి వెలుగు కంకుల మీదుగా పాకి మండపం స్తంభాల మీద నిలిచింది. వెనక నల్లమల మడతలన్నీ ఒక్కొక్కటిగా తేటపడ్డాయి. నేను అద్దంలోకి వంగాను. పిట్టలు వచ్చి వాలితే ఆమె కింద నుంచి అరుస్తోంది, నేను కెమెరా మీట నొక్కుతున్నాను. అంత తృప్తిగా ఫోటోలు తీసిన రోజు నా బతుకులో మళ్లీ లేదు.

ఆ రాత్రే డార్క్‌రూమ్‌లో కాగితం మందునీళ్లలో వేశాను. ముందు కుండ బొట్లు తేలాయి. తర్వాత మండపం, పైరు, కడపట కొండలు. మా నాయన ఎర్ర దీపం కింద వంగి చూశాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"పొద్దున్నే అద్దంలో పెట్టు. ఆ పెండ్లి జంటను తీసెయ్యి" అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. "ఇప్పుడు వద్దు నాయనా" అన్నాను.

"ఇన్నాళ్లు పెట్టమని సతాయించి, పెట్టుకోరా అంటే వద్దంటాండావేంది?"

ఒట్టు సంగతి చెప్పాను. తల కొట్టుకున్నాడు. ఫోటోను అట్టల మధ్య పెట్టి లోపలి బీరువా పై అరలో దాచాను. గిరాకీలు ఎవరైనా ఆ అర వైపు చూస్తే అడ్డంగా పోయి నిలబడేవాణ్ని.

అంతకు ముందు నేను ఆకాశం చూసింది ఎండ కోసమే. ఇప్పుడు మబ్బు కోసం చూడ్డం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం నంద్యాలలో కాలం కాని వాన కురిసింది. ఎదురుగా కూర్చున్న పెళ్లికొడుకును అట్లే వదిలేసి బయటికొచ్చి దక్షిణం దిక్కు చూస్తూ నిలబడ్డాను. కోయిలకుంట్ల నుంచి వచ్చిన బస్సు డ్రైవర్ని, చాగలమర్రి బస్సు డ్రైవర్ని, ఆళ్లగడ్డ పక్క వాన పడిందా అని అడిగాను. నీకు ఆడ చేనుందా అని ఒకాయన అడిగాడు. ఉంది అని చెప్పాలనిపించింది. ఆ పక్క నాలుగు చినుకులే పడ్డాయని తెలిశాక లోపలికి పోయి పెళ్లికొడుకును నవ్వమన్నాను.

కోతలయ్యాయి. ఒకరోజు ఆ ఊరి మనిషి ఒకడు ఫోటో దిగడానికి వచ్చి, జుట్టు దువ్వుకుంటూ చెప్పాడు.

"మండపం చేనామె చెప్పమన్యాది. జొన్నలు బస్తాలకెత్తి ఇల్లు చేర్చినారంట. ఇంగ పెట్టుకోమన్యాది."

అతని ఫోటో తీసి పంపించి, వెంటనే అద్దాల బీరువా తాళం తీశాను. మా నాయన ఫ్రేము తుడిచి ఇచ్చాడు. జొన్నచేలో మండపం నంద్యాల బజారు వైపు తిరిగి కూర్చుంది. రోజంతా ఏదో ఒక సాకుతో బయటికి పోయి, బజారులోంచి చూసి వచ్చాను. జనం నిలబడ్డారు. చాలామంది కుండనే చూపించి మాట్లాడుకున్నారు. దానికీ నాకు కోపం రాలేదు.

పది పన్నెండు రోజులైంది. ఒక పెద్దాయన, తెల్ల పంచె, భుజాన టవలు, అద్దం ముందు నిలబడ్డాడు. నిలబడినవాడు కదలలేదు. బజారులో ఎద్దుల బండి వచ్చి తప్పుకోమన్నా తప్పుకోలేదు. తర్వాత చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"ఆ ఫోటో ఎప్పటిది?"

"ఈ యేడుదే పెద్దాయనా. పోయిన పంట."

"ఆ మండపం పక్క చేను మాదే" అన్నాడు.

అప్పుడు తెలిసింది, ఆమె చెప్పిన బావ ఈయనేనని. గింజ ఇల్లు చేరింది, ఒట్టు తీరింది, అయినా తప్పు చేసినవాడిలా నిలబడిపోయాను. చేతిలో ఉన్న ఫిల్ము డబ్బా ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగాడు.

"గట్టు మీది నుంచి చూసింటిని. ఇంత మాదిరి ఉండాదని అనుకోలే. మంచె మీదినుంచి చూస్తే గదా తెలిసేది" అన్నాడు. "నాకు గూడా ఎప్పుడూ ఇంత కంకి పడలే."

మా నాయన లోపలినుంచి వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన అద్దం వైపు తిరిగి అడిగాడు.

"ఆ కుండ ఆయమ్మే పెట్టిందా?"

"ఆమే పెట్టింది. కన్ను పడకుండా."

ఆయన లేచాడు. వాకిలి దాకా పోయి, చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"కుండ సాల్లేదప్పా. నా కన్నే పడ్యాది. ఆయమ్మకు చెప్పు, ఎర్రనీళ్లు తిప్పించుకోమని. నేనే చెప్పమన్యానని చెప్పు."

అని బజారులో కలిసిపోయాడు.

మరుసటి సెలవు దాకా ఆగలేకపోయాను. ఆ మధ్యాహ్నమే షాపు మా నాయనకు వదిలి బస్సెక్కాను. చేను కోసి మొదళ్లు మిగిలాయి. మండపం కిందిదాకా కనబడుతోంది. ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి, మళ్లీ ఏం ఫోటో అంది. ఫోటో కాదమ్మా, మాట మోసుకొచ్చినా అన్నాను. ఆయన వచ్చింది, నిలబడింది, నీళ్లు తాగింది, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అన్నది, అన్నీ వరుసగా చెప్పాను.

చాట ఆమె చేతిలో ఆగిపోయింది.

"నా కన్నే పడ్యాది అన్యాడా? ఆయప్ప నోటితోనే?"

"ఆయన నోటితోనే."

చాట పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడిచిన కొద్దీ కళ్లు నిండుతున్నాయి. అయినా ముఖమంతా నవ్వే.

"ఇంగొకసారి చెప్పప్పా" అంది. "ఆయన ఎట్లన్యాడో అట్లే చెప్పు. నిదానంగా చెప్పు."